కుట్టించుకునే సైకిలు

టైటానియం సైకిలు ఫ్రేమును మొదటిసారి చూసినవాళ్ళు దాన్ని ఒంటిచేత్తో పైకెత్తి బరువు అంచనా వేస్తారు. తెలిసినవాళ్ళు ముందు వంగి, గొట్టాలు కలిసే చోట అతుకుల రంగు చూస్తారు. అతుకు వెండిలా మెరుస్తుంటే వెల్డరుకు పని వచ్చినట్టే. లేతగా ఎండుగడ్డి రంగు కనిపించినా ఫరవాలేదు. నీలం తిరిగితే అనుమానించాలి. బూడిద రంగుకు మారినా, సున్నం రాలుతున్నట్టు తెల్లబారినా ఆ ఫ్రేము ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

ఈ రంగులకు కారణం గాలి. మామూలు వేడిలో టైటానియం మహా మొండి ఘటం. తుప్పు పట్టదు, ఉప్పునీటిని లెక్కచేయదు, రంగు వేయకపోయినా ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. ఎర్రగా కాలిందంటే మాత్రం దాని స్వభావమే మారిపోతుంది. గాలిలోని ఆక్సిజన్‌ను, నైట్రోజన్‌ను, తేమలోని హైడ్రోజన్‌ను పీల్చేసుకుని పెళుసుబారుతుంది. ఆ లోహం కరగాలంటే 1,668 డిగ్రీల సెల్సియస్ కావాలి. అందుకని అతుకుతున్నంతసేపూ, ఆ తర్వాత అతుకు చల్లారేదాకా, దాన్ని ఆర్గాన్ వాయువు కప్పి ఉంచాలి. మన ఊళ్ళలో స్టెయిన్‌లెస్ స్టీలు రెయిలింగులు చేసేవాళ్ళు ఆర్గాన్ వెల్డింగ్ అని పిలుచుకునే టిగ్ పద్ధతే ఇది. కాకపోతే టైటానియానికి పైనుంచి ఆర్గాన్ పడితే సరిపోదు, గొట్టం లోపల కూడా నింపాలి. బయట తళతళలాడుతూ లోపల చెడిపోయిన అతుకు కొనేవాడి కంటికి ఎన్నటికీ కనబడదు. బయటి రంగునైనా తర్వాత రుద్ది పోగొట్టవచ్చు. కాబట్టి రంగు చూడటం మొదటి పరీక్షే. అసలు నమ్మకం పనివాడి మీద పెట్టుకోవలసిందే.

మంచి పనివాళ్ళు వెల్డింగ్ దాకా వచ్చేసరికే సగం పని ముగించి ఉంటారు. ఒక గొట్టం చివర రెండో గొట్టపు గుండ్రనం మీద ఎక్కడా వెలుతురు కనబడకుండా ఒదిగేలా కోయాలి. సందు మిగిలితే కరిగిన లోహం దాన్ని పూడ్చడానికి పోతుంది; చల్లారేటప్పుడు ఫ్రేమును పక్కకు లాగుతుంది. కోయడమూ సులువేం కాదు. టైటానియంలో వేడి తొందరగా పాకదు, అంతా పనిముట్టు మొన దగ్గరే పోగవుతుంది. తర్వాత గొట్టాలను అసిటోనుతో తుడుస్తారు. ఒట్టి చేత్తో ముట్టుకుంటే వేలిముద్రలోని జిడ్డు కూడా అతుకులోకి చేరుతుందని గ్లవుజులు తొడుక్కుంటారు. కొన్ని షాపుల్లో ఒక్కో అతుకు చుట్టూ రెండుసార్లు తిరుగుతారు. మొదటిసారి రెండు గొట్టాల లోహాన్నే కరిగించి కలుపుతారు, రెండోసారి పైనుంచి తీగ కరిగించి పోస్తారు. సరిగా కుదిరితే ఆ అతుకు చేప పొలుసుల వరసలా ఉంటుంది.

ఈ విద్య ఒక్కరోజులో రాలేదు. 1970ల్లోనే ఇంగ్లండులో స్పీడ్‌వెల్, అమెరికాలో టెలిడైన్ కంపెనీలు టైటానియం ఫ్రేములు చేసి అమ్మాయి. 1973లో టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన స్పెయిన్ రేసరు లూయిస్ ఒకాన్యా కొండదారుల్లో స్పీడ్‌వెల్ ఫ్రేమునే నమ్ముకున్నాడు. తేలికగా ఉన్నాయి నిజమే గానీ, ఆ కాలపు టైటానియం ఫ్రేములకు తొక్కుతుంటే ఊగుతాయనీ, అతుకుల దగ్గర పగులుతాయనీ పేరు వచ్చింది. ఊగడానికి కారణం లెక్కలోనే ఉంది. టైటానియం బరువు ఉక్కులో సగం కంటే కొంచెం ఎక్కువ, బిగువు కూడా ఉక్కులో ఇంచుమించు సగమే. ఉక్కు గొట్టం సైజులోనే టైటానియం గొట్టం చేస్తే రెండింతలు వంగుతుంది. ఆ లోటు తీర్చాలంటే గొట్టాన్ని లావు చేయాలి. గోడ మందం మార్చకుండా 28.6 మిల్లీమీటర్ల గొట్టాన్ని 31.8 మిల్లీమీటర్లకు పెంచితే బిగువు మూడో వంతు పైగా పెరుగుతుంది, బరువు మాత్రం సుమారు తొమ్మిదో వంతే పెరుగుతుంది. ఆ తర్వాతి తరం టైటానియం ఫ్రేములన్నీ ఈ చిన్న లెక్క మీదే నిలబడ్డాయి.

ఆ తరం 1986లో మొదలైంది. మసాచుసెట్స్ రాష్ట్రంలో మెర్లిన్, టెనెసీ రాష్ట్రంలోని చాటనూగా దగ్గర లైట్‌స్పీడ్, రెండూ ఆ ఏడే పుట్టాయి. లైట్‌స్పీడ్‌ది ఇంటి పరిశ్రమ కథ. లిన్స్కీ కుటుంబానికి అప్పటికే లేత్ మిషన్లున్న వర్క్‌షాపు ఉంది, టైటానియం పని కొట్టినపిండి. మెర్లిన్‌ది మాత్రం సంగీతంలో బాణీలా పాకిన పరంపర. బోస్టన్ పక్కన సోమర్‌విల్‌లో ఫ్యాట్ సిటీ అనే ఉక్కు ఫ్రేముల షాపు ఉండేది; మెర్లిన్ పెట్టినవారిలో ఒకరు అక్కడ పనిచేసి వచ్చినవారే. మెర్లిన్‌లో పనిచేసిన రాబ్ వాండర్‌మార్క్ 1997లో సెవెన్ సైకిల్స్ పెట్టాడు. ఫ్యాట్ సిటీ ఊరు మారినప్పుడు వెళ్ళడానికి ఇష్టపడని పనివాళ్ళు కలిసి 1995లో ఇండిపెండెంట్ ఫ్యాబ్రికేషన్ మొదలుపెట్టారు. అదీ 2011లో న్యూ హాంప్‌షైర్‌కు తరలిపోతే, బోస్టన్ వదలని కొందరు ఫైర్‌ఫ్లై పెట్టుకున్నారు. షాపు మారినప్పుడల్లా చేతి పని మరో ఇంటికి చేరింది. కొలరాడో కొండల్లో 1981 నుంచి సైకిళ్ళు చేస్తున్న మూట్స్‌ది వేరే దారి. ఆ పేరు పెన్సిలు చివర తగిలించుకునే మొసలి బొమ్మ రబ్బరుది; అదీ కంపెనీ పెట్టినాయన చిన్నప్పటి రబ్బరు.

టైటానియం పనివాళ్ళు ఎక్కువగా వాడే గొట్టాన్ని 3-2.5 అంటారు. అంటే టైటానియంలో 3 శాతం అల్యూమినియం, 2.5 శాతం వెనేడియం. విమానాల్లో హైడ్రాలిక్ నూనె పారే గొట్టాల కోసం పుట్టిన మిశ్రమం ఇది. ఇంకోటి 6-4. అది ఇంకా గట్టిది గానీ, అతుకు లేని గొట్టంగా లాగడం కష్టం. అందుకే వెనక చక్రం బిగించే కొసల్లాంటి చిన్న భాగాలకే ఎక్కువగా వాడతారు. 6-4 అనగానే ఫ్రేము బిగువు మారిపోతుందని చెప్పే అమ్మకందారు మాట సగమే నమ్మాలి. దానికి బలం ఎక్కువ, అంటే విరగడానికి ఎక్కువ బరువు కావాలి. వంగడంలో మాత్రం రెండింటి తేడా అంతంత మాత్రం.

టైటానియం అరుదైన లోహమని చాలామంది అనుకుంటారు. భూమి పైపొరలో అది తొమ్మిదో స్థానంలో ఉన్న మూలకం. భీమిలి నుంచి శ్రీకాకుళం దాకా తీరం వెంబడి అలలు వెనక్కి పోయినప్పుడు తెల్ల ఇసుక మీద నల్ల చారలు మిగులుతాయే, ఆ నల్ల ఇసుకలో టైటానియం ఖనిజం ఇల్మెనైటు ఉంటుంది. ఖర్చంతా దాన్ని లోహంగా మార్చడంలోనే ఉంది. ఖనిజాన్ని క్లోరైడుగా మార్చి, మెగ్నీషియంతో దాన్నుంచి లోహాన్ని విడదీసే పద్ధతిని లోహ శాస్త్రవేత్త విలియం క్రోల్ 1940 నాటికి స్థిరపరిచాడు. ఈనాటికీ ప్రధానంగా నడుస్తున్నది అదే. అలా వచ్చే లోహం స్పంజిలా చిల్లులు చిల్లులుగా ఉంటుంది, పేరు కూడా టైటానియం స్పంజే. కేరళలోని చవరలో స్పంజి తయారయ్యే కర్మాగారం మన హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల డి.ఎం.ఆర్.ఎల్. ఇచ్చిన పరిజ్ఞానంతో నడుస్తోంది. టైటానియం మిశ్రమాలు చేసే మిధాని ఉన్నదీ హైదరాబాదు కంచన్‌బాగ్‌లోనే, 1973 నుంచి. దాని ఖాతాదారులు అంతరిక్ష శాఖ, రక్షణ శాఖ. సైకిళ్ళవాళ్ళు ఆ వరసలో చివర కూడా లేరు.

ఇంతకీ ఒకరికి సరిపడే ఫ్రేము ఎలా ఎంచుకోవాలి? కార్బన్ ఫ్రేమును అచ్చులో పొరలు పేర్చి చేస్తారు. అచ్చు చాలా ఖరీదు, అందుకని కంపెనీ ఐదారు సైజులు చేసి ఊరుకుంటుంది. లోహపు ఫ్రేముకు అచ్చు అక్కర్లేదు, గొట్టాన్ని ఎంత కావాలంటే అంత కోయవచ్చు. రెడీమేడు చొక్కాకూ దర్జీ దగ్గర కుట్టించుకున్న చొక్కాకూ ఉన్న తేడా ఇదే. ప్రత్యేకంగా చేయించుకోవడంలోని విలువ నూటికి తొంభై వంతులు ఈ కొలతల్లో ఉందని, లోహం ఆ తర్వాతిదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. తనకు రెడీమేడు సైజు సరిగ్గా సరిపోయేవాడు ఇంత డబ్బు పోసి చేయించుకుంటే మిగిలేది మెరుపే.

టేపు ముందుగా కాలి లోపలి పొడవు దగ్గరికి వెళుతుంది. ఆ కొలతను 0.883తో గుణిస్తే పెడళ్ళ ఇరుసు నుంచి సీటు పైదాకా ఉండాల్సిన ఎత్తు వస్తుందన్నది ఫ్రెంచి శిక్షకుడు సిరిల్ గిమార్ లెక్క. దాన్ని అమెరికన్ రేసరు గ్రెగ్ లెమాండ్ ప్రచారంలోకి తెచ్చాడు. కాలు 82 సెంటీమీటర్లయితే సీటు 72.4 దగ్గర ఉండాలి. అనుభవజ్ఞులు దీన్ని మొదటి అడుగుగా మాత్రమే చూస్తారు. తొడ ఎముక పొడవాటివాళ్ళకు సీటు వెనక్కి జరగాలి, అంటే సీటు గొట్టం ఇంకొంచెం వాలాలి. 70 సెంటీమీటర్ల ఎత్తులో ఒక్క డిగ్రీ వాలు మారిస్తే సీటు 12 మిల్లీమీటర్లు జరుగుతుంది. తర్వాత ప్రశ్నలు వస్తాయి. ఇప్పుడు తొక్కుతున్న సైకిలు ఏది? దాంతో ఎక్కడ నొప్పి పుడుతోంది? నడుము ఎంత వంగుతుంది? పాత దెబ్బలున్నాయా? రోజుకు ఎంత దూరం? ఈ ప్రశ్నలు అడగకుండా రంగు ఏది కావాలంటాడా, ఆ పనివాడికి నమస్కారం పెట్టి వచ్చేయడం మంచిది.

చాలామంది కొనేవాళ్ళు పట్టించుకోనిది హ్యాండిలు తిరిగే ముందు గొట్టం వాలు. ఆ గొట్టాన్ని నేలదాకా పొడిగిస్తే తగిలే చోటుకూ టైరు నేలను తాకే చోటుకూ మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. 28 మిల్లీమీటర్ల టైరు, 45 మిల్లీమీటర్లు ముందుకు వంగిన ఫోర్కు ఉన్నప్పుడు 73 డిగ్రీల వాలుకు ట్రెయిల్ సుమారు 57 మిల్లీమీటర్లు. అదే 72 డిగ్రీలైతే 63. ఆరు మిల్లీమీటర్లే అనిపిస్తుంది గానీ, తొక్కేవాళ్ళకు స్వభావమే మారినట్టుంటుంది. మొదటిది మలుపులో చప్పున తిరుగుతుంది. రెండోది దిగుడులో చేతులు వదిలినా తన దారిన తాను పోతుంది. ఫోర్కులు దాదాపు అన్నీ కార్బన్‌వే, అవి కొన్ని నిర్ణీత వంపుల్లోనే దొరుకుతాయి. కాబట్టి ఏ ఫోర్కో ముందే తేల్చుకుని, దానికి తగ్గట్టు వాలు గీయించుకోవాలి.

పొట్టివాళ్ళకు ఈ పని మరీ ముఖ్యం. రెడీమేడు చిన్న సైజుల్లో చక్రం మాత్రం పెద్దదే ఉంటుంది. పెడలు ముందుకొచ్చినప్పుడు కాలివేళ్ళు ముందు చక్రానికి తగులుతాయి. తగలకుండా కంపెనీలు ముందు గొట్టాన్ని అతిగా వాలుస్తాయి, సైకిలు మొద్దుబారుతుంది. అయిదడుగుల ఆడవాళ్ళకు సరైన సైకిలు ఎవరూ చేయడం లేదని 1985లో అమెరికాలో జార్జీనా టెర్రీ ముందు చిన్న చక్రం, వెనక మామూలు చక్రం పెట్టి సైకిళ్ళు అమ్మింది. ఈనాటి టైటానియం పనివాళ్ళు రెండు చక్రాలూ కాస్త చిన్నవి పెట్టి అదే సమస్యను తీరుస్తున్నారు.

ఇక టైటానియం మెత్తగా, దూది మీద కూర్చున్నట్టు పోతుందనే మాట. త్రికోణాలతో కట్టిన ఏ ఫ్రేమైనా నిలువునా వంగేది అతి స్వల్పం. గతుకులు మింగేది టైరే. 23 మిల్లీమీటర్ల టైరు తీసి 32 వేస్తే తెలిసే సుఖం ఏ లోహమూ ఇవ్వదు. చిక్కేమిటంటే, వెనక గొట్టాల మధ్య ఎంత సందు వదిలారో అంత లావు టైరే పడుతుంది, తర్వాత పెంచలేం. మన రోడ్ల సంగతి తెలిసినవారెవరైనా 32కు తక్కువ అడగరు. డిస్క్ బ్రేకులు కావాలా వద్దా అన్నది కూడా వెల్డింగుకు ముందే తేల్చుకోవాలి. పెడళ్ళ ఇరుసు గూడు నొక్కి దిగ్గొట్టే రకం కాకుండా మరలు ఉన్నదే అడగడం మేలు. కిర్రుకిర్రు శబ్దాల బెడద తగ్గుతుంది, ఊడదీయడమూ తేలిక.

బరువులో కార్బన్‌తో పోటీ లేదు. మంచి కార్బన్ ఫ్రేము కిలోలోపే ఉంటుంది, టైటానియం కిలోన్నరకు అటూ ఇటూ. రేసు సైకిలు 6.8 కిలోలకు తగ్గకూడదని 2000 నుంచి నియమం ఉన్నా, రేసు జట్లు కార్బన్‌కే మారిపోయాయి. టైటానియం చిన్న షాపులకు, నెలల తరబడి ఎదురుచూడగల ఓపిక ఉన్నవాళ్ళకు మిగిలింది. ధర ఫ్రేముకే వేల డాలర్లు. అది పగిలితే పారేయక్కర్లేదు, చేసినవాడి దగ్గరికి పంపితే చాలాసార్లు కోసి మళ్ళీ అతుకుతాడు.

అలంకారం కూడా లోహంలోంచే వస్తుంది. ఫ్రేమును విద్యుత్తు పారే ద్రావణంలో ముంచితే పైన సన్నటి ఆక్సైడు పొర పెరుగుతుంది. ఓల్టేజి పెంచేకొద్దీ పొర మందమై, కంచు రంగు, నీలం, పసుపు, ఊదా, ఆకుపచ్చ వస్తాయి. ఇందులో రంగు ద్రవ్యమేమీ లేదు. వాన నీటి మీద పెట్రోలు చుక్క పరుచుకున్నప్పుడు కనిపించే రంగుల కథే. అతుకు మీద కనబడితే భయపడాల్సిన నీలం, పేరు అక్షరాల మీద ఉంటే డబ్బిచ్చి వేయించుకున్న నెమలికంఠపు నీలం.

చివరికి పనివాడు ఒక కాగితం పంపిస్తాడు. ప్రతి గొట్టం పొడవు, ప్రతి కోణం, టైరు సందు మిల్లీమీటర్లలో రాసి ఉంటాయి. కొనేవారు ఒప్పుకున్నాకే గొట్టం కోస్తారు. తెలివైనవారు ఆ కాగితాన్ని ఒక వారం గోడకు అంటించి ఉంచుకుంటారు, తమ పాత సైకిలును పక్కనే నిలబెట్టి టేపుతో ఒక్కొక్క కొలతా సరిచూసుకుంటారు, వెనక టైరు సందు దగ్గర మాత్రం రెండుసార్లు.