98 శాతం... దేంట్లో?

పెప్టైడ్ వయల్‌తో పాటు సర్టిఫికెట్ రాగానే అందరూ వెతికేది ఒక్క అంకె: ప్యూరిటీ 98 శాతం. నేను ముందు సర్టిఫికెట్‌లోని గ్రాఫ్ మూలనున్న లాట్ నంబర్ చూస్తాను. వయల్ మీది నంబర్‌తో అది కలవకపోతే ఇక చదవను. ఒక సరఫరాదారు రెండు వేర్వేరు బ్యాచ్‌లకు ఒకే గ్రాఫ్ పంపాడు. తేదీ మారింది కానీ, బేస్‌లైన్ మీది చిన్న వణుకులు సైతం అచ్చుగుద్దినట్టు అవే!

సరే, గ్రాఫ్ నిజమైనదే అనుకుందాం. ఆ 98 దేంట్లో? పదార్థాలను కాలమ్‌లో విడదీసే హెచ్‌పీఎల్‌సీ పరీక్షలో 220 నానోమీటర్ల కాంతిని పీల్చుకుని పీక్‌లుగా తేలినవాటిలో. పొడిలోని నీరు, శుద్ధి చేసేటప్పుడు అంటుకున్న ట్రైఫ్లోరోఎసిటేట్ ఆ లెక్కలోకి రావు, తూకంలోకి మాత్రం వస్తాయి. అందుకే 98 శాతం ప్యూరిటీ ఉన్న 5 మిల్లీగ్రాముల పొడిలో అసలు పెప్టైడ్ 4 మిల్లీగ్రాములే ఉండొచ్చు. అందులో మోసమేమీ లేదు. నెట్ పెప్టైడ్ కంటెంట్ ఎంతో అడక్కుండా ద్రావణం కలిపేసేవాళ్లదే తొందర.

ఇక ఆ పీక్ మనం అడిగిన పదార్థానిదేనా? అది అణువు బరువు కొలిచే మాస్ స్పెక్ చెప్పాలి. ఆక్సిటోసిన్ హార్మోన్‌నే తీసుకోండి. 9 అమైనో ఆమ్లాలు, రెండు సిస్టీన్ల మధ్య ఓ సల్ఫర్ బంధం. ఆ బంధం పడకపోతే బరువు 2 డాల్టన్లు పెరుగుతుంది, యంత్రం పట్టేస్తుంది. కానీ మూడో చోట ఐసోల్యూసిన్, ఎనిమిదో చోట ల్యూసిన్ ఉంటాయి. రెండింటి బరువూ ఒకటే. అవి తారుమారైనా, ఎక్కడో ఎల్-రూపం బదులు దాని అద్దపు ప్రతిబింబమైన డీ-రూపం దూరినా బరువు మారదు. అణువును ముక్కలు చేసి చూసే మామూలు పద్ధతికీ ఆ తేడాలు అంత తేలిగ్గా చిక్కవు.

1953లో జీవరసాయన శాస్త్రవేత్త విన్సెంట్ డు విన్యో బృందం ఆక్సిటోసిన్‌ను ల్యాబ్‌లో తయారుచేసి, దాన్ని సహజ హార్మోన్ పక్కన పెట్టి పోల్చింది. ఎలుక గర్భాశయం ముడుచుకుంటోందా, కోడి రక్తపోటు తగ్గుతోందా అని చూసింది. కోడి లేదన్నమాటే గానీ, నేను చేసేదీ పోల్చడమే. నమ్మకమైన స్టాండర్డ్‌నూ కొత్త నమూనానూ కలిపి ఒకే ఇంజెక్షన్‌గా కాలమ్‌లోకి పంపుతాను. పీక్ రెండుగా చీలినా, పక్కన చిన్న భుజం లేచినా ఆ లాట్ వెనక్కే. స్టాండర్డ్ ధర చూసి అకౌంట్స్ వాళ్లు మొహం మాడ్చుకుంటారు, అది వేరే కథ.

ఇంత చేసినా సూక్ష్మజీవుల సంగతి, బ్యాక్టీరియా నుంచి వచ్చే విషమైన ఎండోటాక్సిన్ సంగతి ఈ పీక్‌లు చెప్పవు. వాటికి వేరే పరీక్షలున్నాయి. ‘పరిశోధనకు మాత్రమే’ అని రాసున్న పొడిని ఒంట్లోకి ఎక్కించుకునేవాళ్లు, సర్టిఫికెట్‌లో ఆ పరీక్షల గడులు ఉన్నాయో లేవో కూడా చూడరు.