పంతొమ్మిది నెలల ఏలుబడికి

1964 జూన్ 9న మొదలై, 1966 జనవరి 11 తెల్లవారకుండానే ముగిసిన ఏలుబడీ, నీకు జేజేలు! నెహ్రూగారి 17 ఏళ్ల పక్కన నిలబెడితే నువ్వు కంటికి ఆనవు. నీకు అటు గుల్జారీలాల్ నందాగారి తాత్కాలిక పాలన, ఇటు మళ్లీ నందాగారి తాత్కాలిక పాలనే. నడుమ లాల్ బహదూర్ శాస్త్రి. పొట్టి మనిషి, మెత్తని గొంతు. ఈయనేం నెగ్గుకొస్తారులే అని పెదవి విరిచినవాళ్లకు కొదవ లేదు.

మా పాలమూరు ఆయన్ని ముందే ఎరుగును. 1956లో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోతే, రైల్వే మంత్రిగా రాజీనామా ఇచ్చారు. నెహ్రూ వద్దన్నారు. నవంబరులో తమిళనాట అరియలూరు దగ్గర మళ్లీ అదే ఘోరం. ఈసారి ఎవరు చెప్పినా వినలేదు.

నీ కాలమంతా కరువే. 1965లో వానలు మొహం చాటేశాయి. సరిహద్దులో పాకిస్థాన్‌తో యుద్ధం. అమెరికా గోధుమ ఓడ ఎప్పుడొస్తుందో, అసలొస్తుందో రాదో! అప్పుడాయన ముందు సొంత ఇంట్లో ఒక పూట పొయ్యి వెలిగించొద్దన్నారట. పిల్లలు ఓర్చుకోగలిగారని చూశాకే, సోమవారం రాత్రి భోజనం మానమని దేశాన్ని అడిగారు. హోటళ్లు తలుపులు మూశాయి, ఇళ్లలో ఎసరు పెట్టలేదు. దాంతో ఎన్ని బస్తాలు మిగిలాయన్న లెక్క నాకక్కర్లేదు. పస్తుండమని అడగాలంటే ముందు తాను పస్తుండాలని తెలిసిన పాలనవి నువ్వు, అది చాలు.

జనవరి 10న తాష్కెంట్‌లో పాకిస్థాన్ అధ్యక్షుడు అయూబ్‌ఖాన్‌తో ఒప్పందం మీద సంతకం. అర్ధరాత్రి దాటాక శాస్త్రిగారి గుండె ఆగింది. అనుమానాలు నేటికీ ఆరలేదు, స్తుతిలో వాటి జోలికి పోను. మర్నాడు శవపేటికకు భుజం పట్టినవారిలో, మూడు నెలల కిందటి దాకా శత్రువైన అయూబ్‌ఖాన్ కూడా ఉన్నారు. ఇంట్లో ఫియట్ కారు మీద బ్యాంకు అప్పు మిగిలింది. భార్య లలితాశాస్త్రిగారు పింఛను డబ్బుతో తీర్చారు.

నువ్వు నాటినవేవీ నీ చేతికి రాలేదు. గుజరాత్‌లో ఆనంద్ పక్క పల్లెలో ఆయన ఒక రాత్రి బస చేసి పాల సంఘం గుట్టు తెలుసుకొచ్చాక, 1965లో జాతీయ డెయిరీ బోర్డు పుట్టింది. భారత ఆహార సంస్థ పుట్టిందీ ఆ ఏడే. వ్యవసాయ మంత్రి సుబ్రహ్మణ్యంగారు మెక్సికో గోధుమ విత్తనం తెప్పించిందీ నీ రోజుల్లోనే. 1968లో ఆ పంట ఎంత విరగకాసిందంటే, గోదాములు చాలక ఉత్తరాదిన బడులకు సెలవిచ్చి, తరగతి గదుల్లో గోధుమలు పోశారు.