వీడర్ బరువెంత?

దరఖాస్తులో నాలుగో గడి దగ్గర ఆగిపోయాను. పేరు, ఊరు, ఎన్నేళ్ల అనుభవం... చకచకా రాసేశాను. ఆ తర్వాత అడిగారు: ఇతరులతో పంచుకోదగ్గది మీకేం తెలుసు? రెండు వందల పదాలు మించకూడదట.

అభివృద్ధి రంగంలో పనిచేసేవాళ్లు దేశదేశాల నుంచి చేరి, ఒకరి పని గురించి మరొకరికి చెప్పుకునే సంఘం అది. జనగామ వైపు పల్లెల్లో వరి రైతుల వెంట ఇరవై ఏళ్లు తిరిగినవాణ్ని, నాకేం తెలుసో రాయడానికి మూడు రాత్రులు పట్టింది. చివరికి మా వాళ్లందరూ రాసేదే రాశాను. సామర్థ్యాల పెంపు, భాగస్వామ్యం, సుస్థిరత. చేర్చుకున్నారు. పంపాక చదువుకుంటే అందులో ఒక్క వరి మొక్క కూడా లేదు.

నిజానికి నా కూడు అలా చేతులు మారి వచ్చిన తెలివిడి పెట్టిందే. మడగాస్కర్‌లో హెన్రీ ద లొలానీ అని ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఫాదిరీ ఉండేవాడు. 1961లో వెళ్లి అక్కడి రైతుల మడుల్లోనే జీవితం గడిపాడు. అంత్సిరాబేలో ఆయన నడిపిన వ్యవసాయ బడిలో 1983లో, వానలు సరిగా పడని ఏడు, నెల రోజుల నారు కోసం ఆగకుండా పదిహేను రోజుల లేత నారే నాటారు. కుదురుకు ఒక్క మొక్క, మొక్కకూ మొక్కకూ జానెడు ఎడం. మొదట పీలగా కనిపించిన మొక్కలు తర్వాత విరగబడి పిలకలు వేశాయి. కార్నెల్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు నార్మన్ అప్‌హాఫ్ తొంభైలలో అక్కడికి వెళ్లి చూసి, ఆ కబురు ఆసియా దేశాలకు మోశాడు. 2003 ఖరీఫ్‌లో ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హైదరాబాద్ పోగా మిగిలిన 22 జిల్లాల్లోనూ రైతుల పొలాల్లో ఆ పద్ధతిని వేయించి చూసింది. ఫ్రెంచిలో పుట్టిన పేరుకు పొడి అక్షరాలు ఎస్, ఆర్, ఐ. కలిపి చదివితే శ్రీ. లక్ష్మీదేవి పేరున్న పద్ధతిని ఏ రైతు మాత్రం గుమ్మంలోంచి పంపేస్తాడు?

పంపేయలేదు గానీ, చాలామంది రెండు మూడేళ్లు చేసి మానుకున్నారు. దిగుబడి లెక్కల మీద శాస్త్రవేత్తలూ గట్టిగానే కొట్లాడుకున్నారు, అది వేరే పురాణం. మా పల్లెల్లో మానుకోవడానికి కారణాలు చిన్నవి. మడిని ఆరబెట్టి మళ్లీ తడపాలన్నది శ్రీ సాగు సూత్రం. మా దగ్గరేమో ఉచిత కరెంటు అర్ధరాత్రి ఏ వేళకో వచ్చేది. దానికోసం ఎవరు కాపలా కాస్తారని రైతులంతా బోరుకు ఆటో స్టార్టరు బిగించుకున్నారు. కరెంటు వస్తే మోటారు ఆడుతుంది, మడికి అక్కర ఉన్నా లేకపోయినా. మడగాస్కర్ కథలో ఆటో స్టార్టరు లేదు. నేను రాసిన నివేదికల్లోనూ లేదు.

సంఘంలో చేరిన కొత్తలో మేం చేసినదాన్ని రెండు పేజీలు రాసి అందరికీ పంపాను. నేను బాగా రాశాననుకున్న వాక్యం ఇది: కోనో వీడర్ వాడకంతో కలుపుతీత ఖర్చు గణనీయంగా తగ్గింది. కోనో వీడరంటే శ్రీ సాగులో సాళ్ల మధ్య తోసుకుంటూ పోయే కలుపు మర. మెచ్చుకుంటూ ఐదారు జవాబులొచ్చాయి. టాంజానియాలో మొరోగోరో వైపు వరి రైతులతో పనిచేసే ఒకామె మాత్రం మెచ్చుకోలేదు, రెండు ప్రశ్నలు వేసింది. వీడర్ బరువెంత? తోసేది ఎవరు?

నాకు తెలియదు. వందల వీడర్లు పంచాను. పంచినప్పుడల్లా ఫొటో దిగాను.

ఆ ఆదివారం బండి తీసుకుని, మా దగ్గర నాట్ల ముఠా నడిపే అక్క ఇంటికి వెళ్లాను. బీడీ చుట్టుకుంటూ విన్నది.

"ఇప్పుడు యాదికొచ్చిందా సారూ, దాని బరువు? రెండు సాల్లు తోసేసరికి రెక్కలు గుంజినయ్. గట్టున పారేసి చేతుల్తోనే తీసినం."

మరి తర్వాత ఎవరు తోశారక్కా అన్నాను.

"మొగోళ్లు. కలుపంటే మా ఆడోళ్ల కూలి. మర వచ్చినంక వాళ్లదైంది. ఖర్సు తగ్గింది తగ్గింది అని మీటింగుల చెప్తివి. తగ్గిన ఖర్సు ఎవలిది సారూ? మా కూలే గద!"

ఏం చెప్పను? నా నివేదికలో 'ఆదా' అన్న గడిలో ఉన్న అంకె ఆవిడ ముఠాలోని పద్నాలుగు మంది ఆడవాళ్ల చేతికి రాని డబ్బు. ఆ అంకెను నేనే కూడాను. దాన్ని చూసి నిధులిచ్చేవాళ్లు చప్పట్లు కొట్టారు.

కెనడాలో 'ఇంజనీర్స్ వితౌట్ బోర్డర్స్' అనే సంస్థ 2008 నుంచి తమ పనుల్లో ఏవేవి చెడిపోయాయో చెబుతూ వైఫల్యాల నివేదిక అచ్చు వేస్తూ వచ్చింది. ఆ సంగతి విన్నప్పుడు, చెడిపోతే గదా రాయడానికి, మనకంత చెడిందేముంది అనుకున్నాను. బీడీ పొగలో కూర్చుని ఆ మాట గుర్తుకొస్తే చెవులు వేడెక్కాయి.

వీడర్ ఆవిడ పశువుల కొట్టంలోనే ఉంది, కోళ్లు ఎక్కి కూర్చుంటున్నాయి. దులిపి, ఊళ్లో వడ్ల కాంటా దగ్గరికి మోసుకెళ్లాను. ఆరు కిలోల చిల్లర. నోటు పుస్తకంలో రాసుకుంటుంటే వెనకాలే వచ్చిన అక్క నవ్వింది.

"ఎండినదాన్ని తూకమేస్తవేంది? మడిల దింపి, బురదతోని తీస్కరా."

దింపాను. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, ఒక సాలు చివరి దాకా తోశాను. ఇరవై ఏళ్లలో అదే మొదటిసారి, పైకి చెప్పుకోలేను గానీ. పళ్ల మధ్య గడ్డీ మట్టీ ఇరుక్కున్న వీడర్‌ని కాంటా మీద పెడితే ఎనిమిదికి దగ్గరగా చూపించింది. కాంటా అబ్బాయి బల్లంతా బురదైందని విసుక్కున్నాడు.

మొరోగోరో ఆవిడకు నాలుగు ముక్కల్లో జవాబు రాశాను. పొడి బరువు, బురద బరువు, మొదట తోసిందెవరు, తర్వాత తోసిందెవరు, కూలి ఎవరికి పోయింది. మెచ్చుకోళ్లేవీ రాలేదు. వారం తిరక్కుండా ఆమె నుంచి ఇంకో ప్రశ్న వచ్చింది: పిడి ఎత్తెంత?

వచ్చే ఆదివారం టేపు పట్టుకెళ్తున్నాను. పిడితో పాటు అక్కనూ కొలవాలి.