పాలకేంద్రం పుస్తకం

రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గర బిచ్రీ అనే ఊరుంది. 1980ల చివర్లో ఆ పక్కన హెచ్-యాసిడ్ అనే రసాయనం తయారీ మొదలైంది. సుమారు 2,440 టన్నుల విషపు బురద మిగిలింది, బావుల నీళ్లు రంగు మారాయి. పాడుచేసినవాడే ఖర్చు భరించాలంటూ 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును మేం వకీళ్లం గొప్పగా చెప్పుకుంటాం. నేను మాత్రం అందులో ఒక చిన్న మాట దగ్గర ఆగిపోతుంటాను. నేలను బాగుచేసే ఖర్చు కంపెనీల నుంచి రాబట్టమన్న కోర్టు, ఊరివాళ్ల సొంత నష్టానికి సివిల్ దావా వేసుకోవచ్చంది. కోర్టు ఫీజు కట్టలేని పేదలుగా పాపర్ దావా వేస్తే రాష్ట్ర ప్రభుత్వం అభ్యంతరం చెప్పకూడదని కూడా అంది.

దయగల మాటే. కానీ ఆ దావా ఎలా వేయాలి?

సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 1 రూల్ 8 ఉంది. కోర్టు అనుమతితో ఒకరిద్దరు ఊరందరి తరఫున దావా వేయొచ్చు. మిగతావాళ్లకు నోటీసైనా వెళ్లాలి, పేపర్లో ప్రకటనైనా పడాలి. వాళ్లకు తెలియకుండా రాజీ పడటానికి వీల్లేదు. శ్మశానం, డొంకదారి తగాదాల్లో దీన్ని మామూలుగా వాడతాం. కాలుష్యం కేసంటే మాత్రం వెనకాడతాం. డొంకదారి మూస్తే అందరికీ పోయేది ఒకటే. వాగు పాడైతే ఒకరికి వరి పోతుంది, ఒకరికి గేదె, ఇంకొకరికి కూలి. అందరి దావా కారణం ఒకటే కానక్కర్లేదని 1976 సవరణలోనే వివరణ చేర్చారు. కాబట్టి చట్టాన్ని తిట్టి లాభం లేదు. చిక్కంతా రుజువుల దగ్గరే.

ఉదాహరణకు, హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టుకెక్కిందీ బిచ్రీ కేసు వేసిన సంస్థే. అక్కడి నక్కవాగు వెంట రైతులకు ఎకరాల లెక్కన పరిహారం వచ్చింది. మరి ఎకరమే లేనివాళ్లో? అప్పట్లో పహాణీలో అనుభవదారు కాలమ్ ఉన్నా కౌలుదారు పేరు అందులో ఎక్కడం అరుదుగానే జరిగేది. కూలికి వెళ్లే ఆడవాళ్ల పేరు ఏ కాలమ్‌లోనూ ఉండదు.

జాతీయ హరిత ట్రిబ్యునల్‌లోనూ పరిహారానికి గడువు మామూలుగా ఐదేళ్లు, అదీ కారణం మొదట తలెత్తిన నాటి నుంచి. బావి ఏ రోజు చెడిందో తేదీ ఎవరు రాసిపెట్టుకుంటారు?

అందుకే ఇలాంటి పనిమీద ఎవరైనా వస్తే వకాలత్ సంతకాలకంటే ముందు ఊళ్లో పాలకేంద్రం పుస్తకం తెమ్మంటాను. సెంటు భూమి లేని మనిషి పేరు కూడా అందులో ఉంటుంది. పూటపూటకీ ఎన్ని లీటర్లు పోసిందో, ఏ నెల నుంచి తగ్గిందో తేదీలతో సహా ఉంటుంది.