ఆ ఎనిమిది దినములు: తిరుపత్తూరు క్రీస్తుకుల ఆశ్రమమును, సంఘమున సందేహికి గల చోటును గూర్చిన ఒక విమర్శ

పూర్వము ఉత్తర ఆర్కాటు జిల్లాలో చేరియుండి, 2019 నుండి తానే ఒక జిల్లాకు ముఖ్యపట్టణమైన తిరుపత్తూరులో 1921వ సంవత్సరమున క్రీస్తుకుల ఆశ్రమము వెలసినది. దాని స్థాపకులు ఇద్దరు వైద్యులు. ఒకరు తమిళులైన సవరిరాయన్ జేసుదాసన్ గారు. రెండవవారు స్కాట్లండు దేశీయులైన ఎర్నెస్టు ఫారెస్టర్ పేటన్ గారు. ఈ ఆశ్రమమును గూర్చి వ్రాసినవారిలో కొందరు దాని దేశభక్తిని, కొందరు దాని వైద్యసేవను, మరికొందరు గోపురముతో ద్రావిడశిల్పరీతిని నిర్మింపబడిన దాని ప్రార్థనాలయమును ప్రశంసించిరి. ఆ ప్రశంసలన్నియు యుక్తములే. కాని ఈ వ్యాసమున నేను విచారింపదలచినది వేరొక విషయము. విశ్వాసమును నిత్యజీవితమున ఆచరింపబూనిన ఒక సమాజము, నమ్మకము కుదరక గుమ్మము కడ నిలిచినవానికి ఎట్టి చోటు ఈయవలెను? ఈ ప్రశ్న క్రైస్తవులకు మాత్రమే చెందినది కాదు. ఒక నమ్మకమును పునాదిగా గొని నిలిచిన ప్రతి సంఘమునకును ఇది కలదు. కావున అన్ని మతముల తెలుగు సోదరులును దీనిని తమదిగా భావించి చదువుదురని ఆశించుచున్నాను.

మొదట సందేహమన నేమో చూడవలెను. మన వ్యవహారమున సందేహిని అవిశ్వాసితో ఏకము చేయుట కలదు. ఇది సరికాదు. అవిశ్వాసి లేదని తేల్చుకొన్నవాడు. సందేహి ఇంకను తేల్చుకొననివాడు. అనగా ఇంకను వెదకుచున్నవాడు. మన శాస్త్రకారులు ఈ భేదమును చక్కగా నెరిగిరి. న్యాయదర్శనమున చెప్పబడిన పదునారు పదార్థములలో ప్రమాణ ప్రమేయముల తరువాత మూడవది సంశయమే. మీమాంసకుల అధికరణమున విషయమును చెప్పిన వెంటనే సంశయమును నిలుపుదురు; పూర్వపక్షమును సిద్ధాంతమును దాని తరువాతివి. సంశయము లేనిచో విచారణయే లేదని వారి తాత్పర్యము. సంశయాత్మునకు కీడు కలుగునని గీతలో హెచ్చరిక యున్నమాట నిజమే. కాని ఆ గ్రంథమంతయు అర్జునుని సంశయమునుండియే పుట్టినది. సారథి ఆ సంశయమును విని రథము దిగి పోలేదు.

క్రైస్తవగ్రంథమున ఈ విషయమునకు ముఖ్యమైన నిదర్శనము తోమాకథ. అపొస్తలుడైన తోమా మన దక్షిణదేశమునకు వచ్చెననియు, మైలాపురమున ఆయన సమాధి కలదనియు అనుశ్రుతముగా చెప్పుదురు. ఆ విధముగా చూచిన, ఈ దేశపు క్రైస్తవులు తమ మూలపురుషునిగా చెప్పుకొనువాడు సువార్తలలో సందేహమునకు పేరుపొందిన శిష్యుడే. యోహాను సువార్త ఇరువదవ అధ్యాయమున ఈ కథ వచ్చును. గురువు తిరిగి లేచెనని తక్కిన శిష్యులు చెప్పగా, గాయములను తాకి చూచినగాని నమ్మనని తోమా నిష్కర్షగా పలికెను. ప్రసంగములలో సాధారణముగా ఈ మాటను, తరువాత ఆయన చేసిన ఒప్పుకోలును మాత్రమే వివరింతురు. ఈ రెంటి నడుమ ఎనిమిది దినములు గడచినవి. ఎనిమిది దినముల తరువాత శిష్యులు మరల లోపల ఉండగా తోమాయు వారితోకూడ ఉండెనని సువార్తికుడు చెప్పుచున్నాడు. ఈ చిన్నమాటను మనము విడిచిపెట్టరాదు. ఆ ఎనిమిది దినములు తోమా నమ్మలేదు. అయినను లోపలనే యుండెను. శిష్యులు తాము చూచినదానిని అతనికొరకు తగ్గించి చెప్పలేదు, అతనిని వెలివేయనులేదు. రెండుప్రక్కలను ఓర్పు కలిగినందుననే తరువాతి ఒప్పుకోలు సంభవించినది. తోమా ఆ దినములలో వెలుపల నుండియుండినచో, అతని ప్రశ్నకు ప్రత్యుత్తరము దొరకు సమయమున అతడు అచట ఉండడు గదా!

ఈ దృష్టితో క్రీస్తుకుల ఆశ్రమమును పరిశీలింతము. దాని స్థాపకులిద్దరును మొదట పూనాలో మిషన్ సేవలో నుండిరి. తెల్లవారికిని దేశీయులకును నడుమ ఆనాటి మిషన్ వ్యవస్థలో నుండిన అంతరము వారికి సరిపడలేదు. తిరుపత్తూరున వారు ఖద్దరు ధరించిరి. శాకాహారమును, బ్రహ్మచర్యమును అవలంబించి రోగులకు సేవచేసిరి. జనులు జేసుదాసన్ గారిని పెరియణ్ణన్ అనియు, పేటన్ గారిని చిన్నణ్ణన్ అనియు పిలిచిరి. మన భాషలో పెద్దన్న, చిన్నన్న. దొర అను పిలుపు అలవాటైన కాలమున ఒక ఐరోపీయుడు దేశీయునికి తమ్ముడుగా పిలువబడుట సామాన్యవిషయము కాదు. 1932లో మద్రాసున ఖద్దరు కట్టి నిలిచియుండిన పేటన్ గారు పోలీసుల దెబ్బలకు గురియైరి. తాము ఎవరి నడుమ జీవించుచుండిరో వారి వస్త్రమును వేడుకకు గాక, దానివలన కలుగు కష్టముతోకూడ ధరించిరనుటకు ఇది సాక్ష్యము.

ఆశ్రమనామమున గల కులశబ్దమును తెలుగువాడు రెండుమారులు చదువవలెను. నేటి తెలుగున కులమనగానే మనకు జాతిభేదము స్ఫురించును. గురుకుల మనుచోట కులమనగా ఇల్లు, కుటుంబము అని యర్థము. క్రీస్తుకులమనునది ఈ రెండవ యర్థమున పెట్టబడిన పేరు. నా విమర్శకు ఇది ఆధారము. కుటుంబమున ప్రవేశము సిద్ధాంతపరీక్షవలన కలుగదు. ఇంటికి వచ్చినవానికి మొదట కాళ్లకు నీళ్లిత్తుము, పిదప అన్నము పెట్టుదుము. మాట తరువాత వచ్చును. సామాన్యముగా సంఘములందు ఈ క్రమము తలక్రిందులుగా నుండును. మొదట ఒప్పుకోలు, పిదప సభ్యత్వము, ఆ మీదట ప్రేమవిందు. ఆశ్రమపద్ధతి భారతీయుల ఆతిథ్యక్రమమును సంఘమునకు గుర్తుచేసినది. అన్యమతస్థుడైనను, ఏ మతమును పట్టనివాడైనను వచ్చి, నేలపై కూర్చుండి, అందరితో భుజించి, వారి జీవితమును దగ్గరనుండి చూడగలిగిన చోటు అది. సందేహికి కావలసినది వాదము కంటె ముందు ఇట్టి దర్శనమే. జేసుదాసన్ గారు ప్రాచీనాధునికాశ్రమములను గూర్చి 1937లో ఆంగ్లమున ఒక గ్రంథము ప్రకటించిరి. ప్రాచీనుల ఆశ్రమజీవితముతో తమ జీవితమునకు సంబంధమును వెదకుకొనుట దాని శీర్షికయందే కనబడును.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. వేలూరున 1900లో ఒక్క పడకతో ఐడా స్కడ్డర్ వైద్యురాలు ఆరంభించిన సేవ మహావైద్యాలయమైనది గదా. ఆమె వారమువారము గుడియాత్తము మార్గమున పోవుచు దారిప్రక్కన రోగులను చూచినప్పుడు ఎవరి మతమును అడుగలేదు గదా. మరి ఆతిథ్యమున ఆశ్రమము చేసిన క్రొత్త యేమి? అని. ఆ సేవ గొప్పది, సందేహము లేదు. కాని రోగి మందు తీసికొని తన యింటికి పోవును. వైద్యుని విశ్వాసమును అతడు ప్రశ్నింప నక్కరలేదు. వైద్యుడును అతని ప్రశ్నకు కట్టుబడి యుండడు. సందేహియో, ఇంటనే యుండి ప్రశ్నించువాడు. అతని ప్రశ్న ఇంటివారి శాంతిని కదలించును. కావున పరులకు ఉపకారము చేయుట కంటె, ప్రశ్నించువానితో కలిసి జీవించుట కష్టతరము.

ఆ కష్టమునకు ఓర్వలేని సంఘమువలన ఏమగునో తెలియుటకు ఆంధ్రదేశముననే ఇరువురి జీవితములు కలవు. 1895లో వినుకొండలో క్రైస్తవకుటుంబమున జన్మించిన గుఱ్ఱం జాషువ గారు సంస్కృతకావ్యములు పఠించి, పురాణకథలను కావ్యవస్తువులుగా గైకొనిరి. ఇది క్రైస్తవసంఘమున కొందరికి కంటకమై, బహిష్కారము వరకు పోయినదని వారి జీవితకథలు చెప్పుచున్నవి. ఒకప్రక్క కులము పేరిట సవర్ణులు దూరముంచిరి. మరియొకప్రక్క కవిత్వము పేరిట స్వజనులు దూరముంచిరి. 1941 నాటి గబ్బిలమున ఆలయములోనికి పోరాని మనుష్యుడు, నిరాటంకముగా లోపలికి పోగల పక్షిచేత తన మొర పంపుకొనును. అది అస్పృశ్యతను గూర్చిన కావ్యమే. అయినను, రెండు గుమ్మములయొద్దను నిలిచిన కవి వ్రాసినదని తెలిసి చదువునపుడు దాని వేదన ఇనుమడించును. ఆ కవియే పిదప క్రీస్తుచరిత్ర రచించి, 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము నందిరి. సంఘము కోల్పోదలచినవానివలననే తెలుగునకు క్రీస్తుకావ్యము లభించినది. ఇది సంఘము పొందిన విజయము కాదు. దానికి నేర్పబడిన పాఠము.

రెండవవారు మునిపల్లె వాస్తవ్యులైన కలగర సుబ్బారావు గారు. మతములనిన గిట్టని ఆయనకు 1942లో క్రీస్తుదర్శనమైనదని ఆయనయే చెప్పిరి. ఆయన క్రీస్తును భజించిరి, పాటలు వ్రాసిరి, స్వస్థతకొరకు జనులు గుంపులుగా ఆయనను చేరిరి. కాని బాప్తిస్మమును పొందలేదు. సంఘవ్యవస్థను తీవ్రముగా విమర్శించిరి. 1981లో మరణించువరకు ఆయన సంఘమునకు వెలుపలనే యుండిరి. ఆయన ఉద్యమమును గూర్చి కాయ్ బాగో అను పండితుడు 1968లో ఒక పరిశీలనగ్రంథము ప్రకటించెను. జాషువ గారు లోపల పుట్టి వెలుపలికి నెట్టబడినవారు. సుబ్బారావు గారు వెలుపలనుండి వచ్చి లోపలికి రానొల్లనివారు. మహారాష్ట్రకవి నారాయణ వామన తిలక్ ఇట్టి చిక్కును ముందే గ్రహించి, 1917లో దేవుని దర్బారు అను పేర బాప్తిస్మము పొందినవారును పొందనివారును కలిసియుండు ఒక శిష్యసమాజమును ఆరంభించెను. రెండేండ్లకే ఆయన గతించుటచే అది వేరూనలేదు.

సందేహికి చోటిచ్చినచో విశ్వాసము పలుచనగునని పెద్దలు కొందరు భయపడుదురు. ఈ భయము నిరాధారము కాదు. ఏ మాటకును కట్టుబడని సమాజము సత్రమగునుగాని ఇల్లు కాదు. కాని తోమాకథయే దీనికి సమాధానము. శిష్యులు తమ సాక్ష్యమును దాచలేదు. సందేహిని పిలుచుటయనగా మన నమ్మకమును మరుగుపరచుట కాదు. దానిని అతనియెదుట జీవించి చూపుట. బోధకపదవికి ఒప్పుకోలు ఆవశ్యకమగుగాక. పంక్తిలో కూర్చుండుటకు, పాటలో గొంతు కలుపుటకు, చావునకు పెండ్లికి తోడు నిలుచుటకు అది ఏల ఆవశ్యకము?

ఆశ్రమమునందును లోపము కలదని చెప్పుట విమర్శకుని ధర్మము. బ్రహ్మచర్యము, నిరాడంబరజీవితము పూర్తిగా స్వీకరింపగలవారు ఎన్నడును కొద్దిమందియే. జేసుదాసన్ గారు 1969లోను, పేటన్ గారు 1970లోను పరమపదించిరి. అట్టి వ్యక్తులు వెడలిన పిదప ఏ ఆశ్రమమునకైనను మొదటి తేజస్సు నిలుచుట కష్టము. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. ఊరివెలుపల తోటలో సందేహికి చోటు దొరకినదని ఊరిలోని సంఘము తన తలుపు వేసికొని నిశ్చింతగా నుండవచ్చును. ఆశ్రమము మార్గము చూపినది. ఆ మార్గమున నడువవలసినది పిల్లలు గలవారు, అప్పులు గలవారు, ఆదివారమున మాత్రమే తీరికగలవారు నిండిన సామాన్యసంఘము.

అట్టి సంఘము చేయదగినవి కొన్ని కలవు. మొదటిది, ప్రసంగము తరువాత ప్రశ్నకు సమయ ముంచుట. స్టాన్లీ జోన్స్ ఈ దేశమున నడపిన రౌండ్ టేబుల్ గోష్ఠులలో నానామతస్థులును, ఏ మతమును నమ్మనివారును సమముగా కూర్చుండి, మతము తమ జీవితమున ఏమి చేసినదో చెప్పుచుండిరి. దానిని గూర్చిన గ్రంథము 1928లో వెలువడినది. రెండవది, ప్రశ్నించినవానిని మరునాడు ఇంటికి పోయి పలుకరించుట. మూడవది భాషకు సంబంధించినది. మన ప్రాంతమున ఇంట తెలుగును, వీథిలో తమిళమును వినుచు పెరిగిన బాలునకు, అరువుతెచ్చుకొన్న భాషలో సమాధానము చెప్పుట వచ్చునుగాని, సందేహము మాతృభాషలోనే పుట్టును. ఈ ప్రాంతపు తెలుగు బడిలో పాఠము చెప్పుచున్న నాకు ఇది నిత్యానుభవము. తల ఊపి కూర్చుండు విద్యార్థికంటె, ఇది ఎట్లు అయ్యా అని అడుగు విద్యార్థి పాఠమునకు దగ్గరగా నున్నాడు. తెలుగు ఆరాధన సన్నగిల్లిన ఊళ్లలో వృద్ధుల ప్రార్థనయే కాక, యువకుల ప్రశ్నయు నోరు కోల్పోవుచున్నది.

నేను సాధింపదలచిన దింతియే. సంఘము యొక్క విశ్వాసమును కొలుచుటకు దాని ఒప్పుకోలును మాత్రమే చూచిన చాలదు. నమ్మనివాడు దాని నడుమ ఎనిమిది దినములు అవమానము లేక ఉండగలడా అని చూడవలెను. తిరుపత్తూరు అన్నలిద్దరు తమ కాలమున దానికి ఒక ఇల్లు కట్టిరి. వేలూరు, గుడియాత్తము, తిరుపత్తూరు ప్రాంతముల తెలుగు సంఘములవారు, తమ పెద్దలలో ఎవరు ప్రశ్నించి నిలిచిరో, ఎవరు ప్రశ్నించి వెడలిపోయిరో జ్ఞాపకమున్నవారు బ్రదికియుండగనే విని వ్రాసి యుంచుదురుగాక. వెడలిపోయినవారి ఇండ్లకు పోవు త్రోవ అట్లు తెలియును.