ఎముకలకు నడక నేర్పిన బొమ్మలు

రాక్షసిబల్లులు అంతరించి 6 కోట్ల 60 లక్షల సంవత్సరములు గడచినవి. వానిని కన్నులార చూచిన మానవుడు లేడు. అట్టి జంతువులను గూర్చి డాక్యుమెంటరీ చిత్రము తీయుట యెట్లు? ఉన్న జంతువును కెమెరాతో పట్టవచ్చును. లేని జంతువును ముందుగా నిర్మింపవలెను. ఈ నిర్మాణమునకు చిరకాలము ఆధారమైన విద్య స్టాప్ మోషన్. కంప్యూటరు బొమ్మలు వచ్చిన పిమ్మట ఇది వెనుకబడినది. అయినను ఆ పాత చిత్రములు నేటికిని పిల్లలను, పెద్దలను ఆకట్టుకొనుచున్నవి. ఈ ఆకర్షణ పాతవస్తువుపై మమకారము మాత్రమేనా, లేక విజ్ఞానబోధకు పనికివచ్చు గుణ మేదైన అందులో కలదా అనునది విచారింపదగిన విషయము.

ఈ విద్యయందలి కిటుకు సులభము. పని మాత్రము కఠినము. కీళ్లు గల లోహపు అస్థిపంజరమును చేసి, దానిపై రబ్బరుతో కండను, చర్మమును అమర్చుదురు. బొమ్మను వెంట్రుకవాసి కదిపి ఒక ఫోటో తీయుదురు. మరల కదిపి మరియొకటి తీయుదురు. తెరపై సెకనుకు 24 ఫోటోలు నడచును. కనుక ప్రతి ఫోటోకు ఒకమారు కదిపినచో, పది సెకనుల నడకకు బొమ్మను 240 మార్లు కదుపవలెను. పరుగెత్తు నిజమైన జంతువును తీసిన ఫోటోలో కాళ్లు కొంచెము అలికినట్లు మసకగా పడును. బొమ్మ ప్రతి ఫోటోకు నిశ్చలముగా నిలుచును గావున ఆ మసక ఉండదు. అందువలన తెరపై దాని నడకలో ఒక చిన్న కుదుపు కనుపించును. దోషమనినను ఆ కుదుపే, అందమనినను ఆ కుదుపే.

1956లో ఇర్విన్ అలెన్ నిర్మించిన 'ది యానిమల్ వరల్డ్' అను డాక్యుమెంటరీలో రాక్షసిబల్లుల ఘట్టము పట్టుమని పది నిమిషములు. 1933 నాటి 'కింగ్ కాంగ్'కు ప్రాణము పోసిన విల్లిస్ ఓబ్రయన్ దీనిని పర్యవేక్షింపగా, రే హ్యారీహౌసెన్ బొమ్మలను కదిపెను. చిత్రమందలి మిగిలిన భాగమును మరచినవారు సైతము ఈ ఘట్టమును మరువరు. కాని నిష్పక్షపాతముగా చూచినచో ఇందు విజ్ఞానము తక్కువ, గోదా ఎక్కువ. జంతువులు కలియుట పోరాడుటకే, పోరాడుట చచ్చుటకే అన్నట్లుండును. తుదకు అగ్నిపర్వతములు బ్రద్దలై అన్నియు నశించును. ఇది బొమ్మల తప్పు కాదు. బొమ్మకు ఏ పని అప్పగింపవలెనో నిర్ణయించినవారి తప్పు.

దీనికి సంవత్సరము ముందు, 1955లో, చెకోస్లొవేకియా దర్శకుడు కారెల్ జెమాన్ 'కాలారంభమునకు యాత్ర' అను భావము గల పేరుతో ఒక చిత్రమును తీసెను. ఇది కథాచిత్రమే యైనను దీని ఉద్దేశము విద్యాబోధన. పురాజీవశాస్త్రజ్ఞుడు యోసెఫ్ ఔగుస్తా సలహాదారు. జ్దెనెక్ బురియాన్ వర్ణచిత్రములు ఆదర్శము. నలుగురు బాలురు పడవలో నదివెంట పోవుచు మంచుయుగమునుండి వెనుకకు, ట్రైలోబైటులు బ్రతికిన సముద్రము వరకు ప్రయాణింతురు. ఇందును స్టెగోసారస్ పోరాడి మరణించును. కాని కథ అచట ముగియదు. బాలురు ఆ కళేబరమును సమీపించి, పరిశీలించి, కొలతలు తీసికొందురు. పోరాటమును చూచుటకును, చూచినదానిని కొలుచుటకును గల భేదమే వినోదమునకును విజ్ఞానమునకును గల భేదము. ఈ చిత్రపు గొప్పతనము ఇందులోనే ఉన్నది.

1985లో అమెరికా టెలివిజనులో ప్రసారమైన 'డైనోసార్!' అను డాక్యుమెంటరీకి ఫిల్ టిప్పెట్ బొమ్మల నాడించెను. ఆయన అనుసరించిన 'గో మోషన్' పద్ధతిలో ఫోటో పడుచున్న క్షణముననే మోటార్లు బొమ్మను కదుపును. అందుచేత సహజమైన మసక ఏర్పడి కుదుపు తగ్గును. ఇంతకంటె మెచ్చదగినది ఆయన ఓర్పు. మోనోక్లోనియస్ తీరికగా మేయును. చెట్లమాటున టైరనోసారస్ పొంచియుండును. జంతువునకు పోరాటమేకాక బ్రతుకు కూడ కలదని ఈ దృశ్యము తెలుపును. దృశ్యమాయకు ఈ చిత్రము ఎమ్మీ బహుమతి నందెను. కాని 1993 నాటి 'జురాసిక్ పార్క్'లో ఆయన బొమ్మల స్థానమును కంప్యూటరు ఆక్రమించెను. అయినను బొమ్మలాటగాండ్ర చేతివాటము వ్యర్థము కాలేదు. కీళ్లయందు విద్యుత్ సాధనములు అమర్చిన అస్థిపంజరమును చేతితో కదిపి, ఆ కదలికలను కంప్యూటరున కందించిరి.

1999లో బి.బి.సి. వారి 'వాకింగ్ విత్ డైనోసార్స్' వచ్చెను. అడవిలో నిజముగా తీసినట్లే చూపిన ఆ చిత్రములో ఎముకలు చెప్పిన దెంత, ఊహ చేర్చిన దెంత అనునది ప్రేక్షకునికి తెలియదు. బొమ్మ అట్లు మోసగింపదు. 'నేను చేతితో చేయబడినదానను' అని దాని కుదుపే చెప్పును. అయితే ఈ నిజాయితీని మితిమీరి పొగడరాదు. బొమ్మలు తమ కాలపు పొరపాట్లను కూడ మనోహరముగా చేసి మనస్సున నాటును. బ్రహ్మాండమైన తోకను నేల నీడ్చు రాక్షసిబల్లి రూపమును శాస్త్రజ్ఞులు విడనాడి చాలకాలమైనది. అయినను అది పలువురి మనస్సులను విడువలేదు.

ఈ విషయమున తెలుగు విద్యార్థులకు దగ్గర ఉదాహరణ ఒకటి కలదు. గోదావరి లోయలో యామనపల్లి వద్ద దొరికిన కోటాసారస్ అస్థిపంజరము హైదరాబాదులోని బిర్లా సైన్సు మ్యూజియములో నిలిచియున్నది. దాని ఎముకలు అనేక జంతువులనుండి లభించినవి. పుర్రె మాత్రము దాదాపు దొరకలేదు. కనుక ఎవరు దానిని చిత్రమున నడిపించినను ముఖమును ఊహింపక తప్పదు.

ఇట్టి చిత్రమును తరగతిలో చూపిన పిమ్మట ఉపాధ్యాయుడు నల్లబల్లపై మూడు గళ్లు గీయవచ్చును: ఎముకలు చెప్పినది, నేటి జంతువులతో పోల్చి గ్రహించినది, చిత్రకారుడు కల్పించినది. తెరపై చూచిన ప్రతి అంశమును పిల్లలు తగిన గడిలో చేర్చవలెను. ఒంటి రంగు ఏ గడిలోనిది? అరపు ఏ గడిలోనిది? అందముగా కదిలిన బొమ్మ ఈ ప్రశ్నలను పుట్టించినచో దానిని కదిపిన చేతుల శ్రమ సార్థకమగును.