క్యాన్సర్ ముందస్తు పరీక్షలు: ఒక విమర్శ

“క్యాన్సర్‌ను ఎంత ముందుగా కనిపెడితే అంత మేలు” అన్న మాట నేడు ఆసుపత్రుల గోడలమీద తరచు కనబడుతున్నది. ఇందులో సత్యం లేకపోలేదు. కాని ఏ అవయవానికి, ఏ వయస్సులో, ఏ పరీక్ష అన్నది విడిచిపెట్టి చెబితే అది శాస్త్రం కాజాలదు.

దక్షిణ కొరియా సంగతి చూడండి. అక్కడి ప్రభుత్వం 1999లో క్యాన్సర్ పరీక్షల పథకాన్ని ఆరంభించినది. థైరాయిడ్ గ్రంథి అందులో లేదు. అయినా కొద్దిపాటి రుసుముపై ఆసుపత్రులు దాని అల్ట్రాసౌండ్ పరీక్షను కూడ జోడించినవి. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణల రేటు 1993 నాటికి పదిహేను రెట్లయినది. ఆ ఒక్క ఏడాదే 40,000 మందికి పైగా రోగులుగా తేలారు. మరణాల రేటు మాత్రం కదలలేదు! పట్టుబడినవాటిలో అధికభాగం జీవితకాలంలో ఏ బాధా పెట్టని చిన్న కంతులన్నమాట. అయినా దాదాపు అందరికీ శస్త్రచికిత్స జరిగినది. గ్రంథి మొత్తం పోయినవారు జీవితాంతం హార్మోను మాత్రలు మింగవలసినదే. కొందరికి స్వరతంతువులు కూడ చచ్చుబడినవి.

“పరీక్షల వలన ఐదేళ్లు బ్రతికినవారి శాతం పెరిగింది గదా” అనే వాదం ఒకటున్నది. ఈ లెక్కను ఉపాధ్యాయులు నల్లబల్లపై వేసి చూపవచ్చును. ఒకనికి లక్షణాలు కనబడి 63వ ఏట రోగం బయటపడినది. 65వ ఏట మరణించాడు. బ్రతికినది రెండేళ్లు. అదే మనిషికి పరీక్ష వలన 58వ ఏటనే తెలిసి, 65లోనే మరణిస్తే ఏడేళ్లు! ఆయువు ఒక్క దినమైనా పెరగలేదు. రోగినని బెంగపడిన కాలం పెరిగినది. కనుక పరీక్షను తూచవలసినది మరణాల సంఖ్యతో.

ఆ తూనికకు నిలిచిన పరీక్షలూ ఉన్నవి. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో 30-59 ఏళ్ల స్త్రీలు సుమారు 1,31,000 మందిపై జరిగిన పరిశోధన ఫలితాలు 2009లో వెలువడినవి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు మూలమైన హెచ్.పి.వి. వైరస్ కొరకు ఒకే ఒక్కసారి పరీక్షించిన వర్గంలో ఆ రోగం వలన చనిపోయినవారు 34 మంది. అట్టి పరీక్ష లేక మామూలు వైద్యంతో సరిపెట్టిన వర్గంలో 64 మంది. పైగా మొదటి వర్గమే కొంచెం పెద్దది. మరి 30 ఏళ్ల నుండే ఎందుకు? అంతకు చిన్న వయస్సులో ఈ వైరస్ సోకినా సాధారణంగా శరీరమే దానిని వెళ్లగొడుతుంది. పోకుండ ఏళ్లతరబడి తిష్ఠ వేసినదే ప్రమాదకరం.

ఇదంతా లక్షణాలు లేనివారి మాట. గడ్డ, మానని పుండు, అకారణ రక్తస్రావం కనబడినవారు వయస్సు లెక్క చూడక వైద్యుని వద్దకు పోవలసినదే.

పాతికేళ్ల యువకునికీ, ఎనభై ఏళ్ల వృద్ధునికీ ఒకే పరీక్షల జాబితాను “సంపూర్ణం” అని అంటగట్టే పరీక్షశాలలు మన పట్టణాలలోనూ లేకపోలేదు. ఆ జాబితాలోని ఒక్కొక్క పరీక్ష వలన మరణాలెన్ని తగ్గినవో వారిని అడిగి చూడండి.